బైకుకి బ్లూటూత్ మ్యూజిక్ సిస్టమ్ సొంతంగా బిగించుకోవడం ఎలా?

"అన్నా, స్పీకర్లు కొన్నాను, బ్లూటూత్ బోర్డు కొన్నాను. ప్లస్ వైరు ఎక్కడ కలపాలి?"

ఈ ప్రశ్న నాకు వారానికి రెండు మూడు సార్లయినా వస్తుంది. తోడుగా ఒక ఫొటో కూడా వస్తుంది. సీటు తీసేసి, లోపలి వైర్లలో ఏదో ఒకదాన్ని పళ్ళతో ఒలిచి, దానికి ఎర్ర వైరు మెలేసి ఉంటుంది. ఒక్క మాటలో జవాబు చెప్పేస్తే ఆ పూటకి పాట వస్తుంది. నెల తిరక్కుండానే సెల్ఫ్ తీసుకోవట్లేదనో, బోర్డు కాలిపోయిందనో మళ్ళీ ఫోన్ వస్తుంది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ఒక్క విషయం ముందే చెప్తాను. ఈ పని స్పీకర్లతో మొదలుపెట్టకండి, బ్యాటరీతో మొదలుపెట్టండి. కరెంటు లైను సరిగ్గా వేస్తే మామూలు స్పీకర్లు కూడా ఏళ్ళ తరబడి పాడతాయి. లైను తప్పితే ఎంత ఖరీదైన సామాను పెట్టినా దండగే.

అసలు మీకు బిగింపు సిస్టమ్ కావాలా?

కొనే ముందు ఇది తేల్చుకోండి. మీరు ఎక్కువగా తిరిగేది హైవే మీదా, ఊళ్ళోనా?

గంటకు 50, 60 కిలోమీటర్లు దాటాక గాలి హోరులో బండి మీది స్పీకర్లు సరిగ్గా వినబడవు. ఎక్కువ వాట్లవి పెడితే వినబడతాయని చాలామంది అనుకుంటారు. అప్పుడు పక్కన వెళ్ళేవాళ్ళ చెవులు చిల్లులు పడతాయి, మీకు మాత్రం గాలే వినబడుతుంది. హైవే రైడ్లు ఎక్కువైతే హెల్మెట్‌లో పెట్టుకునే బ్లూటూత్ సెట్ తీసుకోండి. వైరింగ్ పనే ఉండదు. దాని స్పీకర్లు చెవి దగ్గర ఉండే గుంటలో, బట్ట కింద కూర్చోవాలి. చోటు చాలడం లేదని లోపలి థర్మోకోల్ మాత్రం చెక్కకండి. పడ్డప్పుడు తలకి తగిలే దెబ్బని మింగేది ఆ థర్మోకోలే. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చుకుని పైన హెల్మెట్ పెట్టుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. వెనక లారీ హారన్ కూడా వినబడదు.

ఊళ్ళో నెమ్మదిగా తిరగడానికి, పొలం దగ్గర, చెరువు గట్టున బండి ఆపుకుని వినడానికి అయితే బిగింపు సిస్టమ్ బాగుంటుంది. ఈ వ్యాసం దాని గురించే.

బండి ఇంకా వారంటీలో ఉంటే కొంచెం ఆలోచించండి. ఫ్యాక్టరీ వైరింగ్ కోస్తే ఎలక్ట్రికల్ వారంటీ ఇవ్వమని షోరూమ్ వాళ్ళు అనే అవకాశం ఉంది. ఎలక్ట్రిక్ స్కూటర్ ఉన్నవాళ్ళు దాని పెద్ద బ్యాటరీ జోలికి అస్సలు వెళ్ళొద్దు. అందులో ఉండేది 12 వోల్టులు కాదు. ఈ రెండు సందర్భాల్లోనూ సొంతంగా ఛార్జ్ అయ్యే చిన్న బ్లూటూత్ స్పీకర్ కొని హ్యాండిల్‌కి క్లాంపుతో పెట్టుకోవడం మేలు. ఎండలో బండి ఆపినప్పుడు దాన్ని తీసి వెంట పట్టుకెళ్ళండి. మన మే నెల ఎండకి లోపలి లిథియం సెల్ ఉబ్బిపోతుంది.

ఇంకో మాట. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు. ఆసుపత్రులు, స్కూళ్ళు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల లోపు సైలెన్స్ జోన్. ఆ దారుల్లో ఆపేయడానికి వీలుగా స్విచ్ బొటనవేలికి అందేచోట పెట్టుకోవాలి. దాన్ని లైనులో ఎక్కడ కలపాలో కింద చెప్తాను.

కావలసినవి

యాంప్లిఫయర్ బోర్డు: బ్లూటూత్ దాని మీదే ఉన్న క్లాస్-డి బోర్డు (కరెంటు తక్కువ వృథా చేసే రకం) తీసుకోండి. బజారులో ఎక్కువగా దొరికేవి మూడు రకాలు. పీఏఎం8403 చిప్ ఉన్నవి 5 వోల్టులవి, బైకుకి నేరుగా కలిపితే వెంటనే పోతాయి. పీఏఎం8610 ఉన్నవి 7 నుంచి 15 వోల్టుల దాకా పనిచేస్తాయి, ఒక్కో స్పీకర్‌కి సుమారు 10 వాట్లు ఇస్తాయి. టీపీఏ3116 ఉన్నవి 26 వోల్టుల దాకా తట్టుకుంటాయి. బండి నడుస్తుంటే ఛార్జింగ్ వోల్టేజ్ 14.5 దాకా వెళ్తుంది కాబట్టి 15 హద్దు ఉన్న చిప్‌కి ఊపిరాడే చోటు తక్కువ. నేను టీపీఏ3116నే పెట్టమంటాను. డబ్బా మీద 50+50 వాట్లు అని రాసి ఉంటుంది. అది 20 వోల్టుల పైన ఇచ్చే లెక్క. మన 12 వోల్టుల మీద 4 ఓమ్స్ స్పీకర్లకి ఒక్కోదానికి 15 వాట్లు వస్తాయనుకోండి. బైకుకి అది ఎక్కువే.

స్పీకర్లు: 3 లేదా 4 అంగుళాలవి ఒక జత, 4 ఓమ్స్ లేదా 8 ఓమ్స్. కోన్ (ముందు అదిరే గుండ్రటి పొర) ప్లాస్టిక్‌ది అయ్యుండాలి. కాగితం కోన్ ఒక్క వానకే అప్పడంలా మెత్తబడిపోతుంది.

ఫ్యూజ్ హోల్డర్, 5 ఆంపియర్ల ఫ్యూజులు రెండు: ఒకటి వాడటానికి, ఒకటి సీటు కింద దాచడానికి. 6వ మెట్టులో వచ్చే సన్న వైరు కోసం 1 ఆంపియర్ ఫ్యూజ్, దాని హోల్డర్ ఇంకొకటి.

12 వోల్టుల నాలుగు పిన్నుల రిలే, సాకెట్‌తో సహా. కీ తిప్పితే దానంతటదే లైను కలిపి, కీ తీస్తే తెంచే స్విచ్ లాంటిది. కార్లలో హారన్‌కి వాడేదే.

వైరు: కరెంటుకి 1 చదరపు మిల్లీమీటర్‌ది ఎరుపు, నలుపు. స్పీకర్లకి అంతకంటే సన్నది చాలు. ఎన్నో సన్నటి పోగులు ఉన్న ఆటో వైరే తీసుకోండి. ఇంటి వైరింగ్‌లో మిగిలిన ఒంటి తీగ వైరు ఇంజన్ అదురుకి లోపలే విరిగిపోతుంది. పైన చూస్తే బాగానే కనబడుతుంది.

ఇవి కాక ప్లాస్టిక్ డబ్బా, వాటర్‌ప్రూఫ్ స్విచ్, హీట్ ష్రింక్ స్లీవులు (వేడి చేస్తే ముడుచుకుని జాయింట్‌ని పట్టేసే గొట్టాలు), బ్యాటరీకి బిగించే లగ్గులు, కేబుల్ టైలు, ఒక మల్టీమీటర్. మల్టీమీటర్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. సాదాది చాలు.

హైదరాబాద్ వాళ్ళకి కోఠి గుజరాతీ గల్లీలో బోర్డులు, స్లీవులు, కనెక్టర్లు అన్నీ దొరుకుతాయి. వేరే ఊళ్ళలో బోర్డు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, రిలే, ఫ్యూజ్ హోల్డర్ దగ్గర్లోని ఆటో ఎలక్ట్రికల్ షాపులో తీసుకోండి. కార్లకి, ట్రాక్టర్లకి పనిచేసే షాపుల్లో గట్టి సరుకు ఉంటుంది.

1. బ్యాటరీ ఆరోగ్యం చూడండి

బండి రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున్నే కీ ఆఫ్‌లో ఉండగా బ్యాటరీ వోల్టేజ్ చూడండి. 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 కన్నా తక్కువ ఉంటే ముందు ఛార్జ్ చేయించండి. ఛార్జ్ చేసినా ఒక్క రాత్రిలో మళ్ళీ దిగిపోతే ఆ బ్యాటరీ మార్చాల్సిందే.

తర్వాత బండి స్టార్ట్ చేసి కొంచెం రేజ్ చేయండి. 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. ఎంత రేజ్ చేసినా 13 దాటకపోతే ఛార్జింగ్ సరిగ్గా లేదు. 15 దాటితే ఛార్జింగ్‌ని అదుపు చేసే రెగ్యులేటర్ రెక్టిఫయర్ పోయింది. రెండిట్లో ఏదైనా సరే, మెకానిక్ దగ్గరికి వెళ్ళి వచ్చాకే మిగతా పని.

ఇంకొక కొలత తీసి కాగితం మీద రాసుకోండి, చివర్లో ఇదే కావాలి. కీ ఆఫ్ చేసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి, ఆ వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల రేంజ్‌లో పెట్టండి. తర్వాత మిల్లీ ఆంపియర్ల రేంజ్‌కి దిగండి. గడియారం ఉన్న బండి అయితే కొద్ది మిల్లీ ఆంపియర్లు చూపిస్తుంది. మీటర్ అలా ఉండగా కీ ఆన్ చేయకండి, సెల్ఫ్ అసలే నొక్కకండి. మీటర్ లోపలి ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

2. బండికి బిగించే ముందు బల్ల మీద పెట్టి వినండి

చాలామంది దాటేసేది ఈ మెట్టే. సీసీ కెమెరాకి వాడే 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్‌తో బోర్డుని ఇంట్లోనే నడపండి. ఫోన్ కలిపి అరగంట పాడనివ్వండి. బోర్డులో లోపం ఉంటే ఇక్కడే బయటపడుతుంది, షాపులో మార్చుకోవచ్చు.

స్పీకర్ల ప్లస్, మైనస్ గుర్తు కూడా ఇప్పుడే పెట్టండి. మార్కు లేకపోతే గోడ గడియారంలోని 1.5 వోల్టుల సెల్ తీసుకుని రెండు వైర్లు స్పీకర్‌కి ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి నెట్టుకొస్తే సెల్ ప్లస్ తాకిన పిన్నే ప్లస్. లోపలికి పోతే తిరగేసినట్టు. రెండు స్పీకర్లలో ఒకటి ఉల్టా కలిపితే పాట వస్తుంది గానీ డప్పు, తబలా మొత్తం మాయమై డొల్లగా వినిపిస్తుంది. "బాస్ రావట్లేదు, ఇంకా పెద్ద స్పీకర్లు కొననా?" అని అడిగేవాళ్ళ సమస్య చాలాసార్లు ఇంతే.

3. చోటు చూసుకోండి

స్పీకర్లు లెగ్ గార్డుకి క్లాంపులతో బిగించడం తేలిక. కాకపోతే బురద నేరుగా పడుతుంది. హ్యాండిల్ దగ్గర పెడితే తక్కువ సౌండ్‌కే వినబడతాయి, నా ఓటు దానికే. ముఖాలు మీ వైపు కొంచెం కిందకి వంగేలా పెట్టండి, నీళ్ళు నిలవవు.

బోర్డు డబ్బా సీటు కింద గానీ సైడ్ కవర్ లోపల గానీ పెట్టండి. సైలెన్సర్ వైపు వద్దు. ఇనప డబ్బా వద్దు, బ్లూటూత్ సిగ్నల్ బయటికి రాదు. బోర్డు అంచున పాములా మెలికలు తిరిగిన రాగి గీత ఉంటుంది చూడండి, అదే యాంటెన్నా. అది ఫ్రేముకి ఆనకుండా తిప్పి పెట్టండి.

డబ్బా లోపల బోర్డుని గ్లూ గన్‌తో అతికించకండి. నేను మొదట అలాగే అతికించాను. మే నెలలో ఒక మధ్యాహ్నం బండి ఎండలో రెండు గంటలు ఉంది. వచ్చి కీ తిప్పితే పాట లేదు. డబ్బా తెరిస్తే జిగురు తేనెలా సాగి బోర్డు పక్కకి జారిపోయింది. ప్లస్ వైరు ఊడి ఫ్రేముకి తగిలి ఫ్యూజ్ ఎగిరింది. ఫ్యూజ్ లేకపోయుంటే పెట్రోల్ ట్యాంకు పక్కన వైరు కాలేది. చిన్న బోల్టులు, ప్లాస్టిక్ వాషర్లు వాడండి.

వైరు పరిచే ముందు హ్యాండిల్‌ని ఎడమ చివరికి, కుడి చివరికి పూర్తిగా తిప్పి చూడండి. వైరు ఎక్కడా లాగకూడదు, నలగకూడదు, యాక్సిలరేటర్ కేబుల్‌కి అడ్డం పడకూడదు. పని అయ్యాక న్యూట్రల్‌లో ఇంజన్ ఆన్ చేసి మళ్ళీ ఇలాగే తిప్పండి. హ్యాండిల్ తిప్పుతుంటే ఇంజన్ దానంతటదే రేజ్ అయితే బండి తీయకండి. మీ వైరు కేబుల్‌ని నొక్కుతోందన్నమాట.

4. బ్యాటరీ విప్పండి, మైనస్ ముందు

వరుస ముఖ్యం. ముందు మైనస్, తర్వాత ప్లస్. ప్లస్ ముందు విప్పితే స్పానర్ ఫ్రేముకి తగిలిన క్షణంలో నిప్పురవ్వలు లేస్తాయి. తిరిగి బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర.

5. కరెంటు లైను వేయండి

ఇక్కడ తొందర వద్దు. ఒక పూట పట్టినా ఫర్వాలేదు.

బ్యాటరీ ప్లస్ నుంచి ఎర్ర వైరు, దాని మీద ఒక జానెడు లోపే 5 ఆంపియర్ల ఫ్యూజ్. ఫ్యూజ్‌ని తీసుకెళ్ళి బోర్డు దగ్గర పెడితే లాభం లేదు. బ్యాటరీకీ బోర్డుకీ మధ్య వైరు ఎక్కడ ఒరుసుకున్నా కాపాడాల్సింది అదే కాబట్టి బ్యాటరీ పక్కనే ఉండాలి.

ఫ్యూజ్ నుంచి రిలే 30వ పిన్నుకి. రిలే 87వ పిన్ను నుంచి స్విచ్ మీదుగా బోర్డు ప్లస్‌కి. బోర్డు మైనస్ నుంచి నల్ల వైరు నేరుగా బ్యాటరీ మైనస్‌కి. దగ్గర్లో ఉంది కదా అని ఫ్రేము బోల్టుకి కలపకండి. పెయింట్, తుప్పు మధ్యలో ఉంటే కరెంటు సరిగ్గా అందదు, ఇంజన్ మోత కూడా పాటలో కలుస్తుంది.

షాపులో ఐదు పిన్నుల రిలే ఇస్తే మధ్యలో 87ఏ అని ఒకటి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేయండి. దానికి కలిపితే కీ తీసేసినప్పుడు పాట వస్తుంది, కీ పెడితే ఆగిపోతుంది.

ఈ రిలే అంతా ఎందుకు, నేరుగా బ్యాటరీకి కలిపి స్విచ్ పెట్టుకుంటే పోలా అంటారు. నేనూ మొదట అదే చేశాను. ఒకసారి సంక్రాంతికి బండి హైదరాబాద్‌లో ఉంచి బస్సులో ఊరెళ్ళాను. స్విచ్ ఆపడం మర్చిపోయాను. పాట లేకపోయినా బ్లూటూత్ బోర్డు ఫోన్ కోసం ఎదురుచూస్తూ 50 మిల్లీ ఆంపియర్లు తాగుతూనే ఉంది. రోజుకి 1.2, నాలుగు రోజులకి 4.8 ఆంపియర్ అవర్లు. నా బ్యాటరీ మొత్తమే 5. తిరిగొచ్చి సెల్ఫ్ నొక్కితే చిన్న టిక్ శబ్దం తప్ప ఏమీ లేదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో ఎక్కువ భాగం ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి. బ్యాటరీ పూర్తిగా పోతే వాటిలో చాలావాటిని కిక్ కొట్టినా, తోసినా స్టార్ట్ చేయడం కష్టం. రిలే ఉంటే కీ తీసిన క్షణంలో లైను తెగిపోతుంది, మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ ఉండదు.

6. కీ ఆన్ వైరు వెతకండి

రిలే 86వ పిన్నుకి కీ ఆన్ చేసినప్పుడు మాత్రమే 12 వోల్టులు వచ్చే వైరు కావాలి. 85వ పిన్ను బ్యాటరీ మైనస్‌కి వెళ్తుంది.

దీనికి తేలికైన చోటు వెనక బ్రేక్ స్విచ్. దానికి రెండు వైర్లు ఉంటాయి. బ్యాటరీని కాసేపు కలిపి కీ ఆన్ చేయండి, మల్టీమీటర్ నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ మీద పెట్టండి. బ్రేక్ తొక్కకుండానే 12 వోల్టులు చూపించే వైరు మీకు కావాల్సింది. కీ తీస్తే సున్నా రావాలి. చూశాక బ్యాటరీ మళ్ళీ విప్పండి.

రంగు చూసి నమ్మకండి. మనందరికీ నలుపంటే మైనస్ అని అలవాటు. హోండా బండ్లలో నల్ల వైరు కీ ఆన్ చేస్తే వచ్చే ప్లస్, ఎర్త్ ఆకుపచ్చ. యమహాలో గోధుమ రంగు ప్లస్, నలుపు ఎర్త్. ఒక బండి మీద నేర్చుకున్నది ఇంకో బండి మీద చేసి ఫ్యూజులు ఎగరగొట్టుకున్నవాళ్ళని ఎంతోమందిని చూశాను. మీటర్ చెప్పిందే నిజం.

హెడ్‌లైట్ వైరు నుంచి తీసుకోవద్దు. పాత 100 సీసీ బండ్లలో చాలావాటికి హెడ్‌లైట్ ఇంజన్ కాయిల్ నుంచి వచ్చే ఏసీ కరెంటుతో వెలుగుతుంది. రేజ్ చేస్తే లైటు పెరిగి, ఐడిల్‌లో తగ్గితే అదే. అది బోర్డుకి తగిలితే అంతే సంగతులు. అలాగే ఈసీయూకి (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), ఇంజెక్టర్‌కి, సెన్సర్లకి వెళ్ళే వైర్లని ముట్టుకోకండి.

ఫ్యాక్టరీ వైరుని తెంచాల్సిన పని లేదు. పైతొడుగు అర సెంటీమీటర్ మేర జాగ్రత్తగా తీసి, మీ సన్న వైరు చుట్టి, సోల్డర్ చేసి, బాగా టేపు చుట్టండి. సోల్డరింగ్ రాకపోతే ఆ ఒక్క జాయింట్ ఆటో ఎలక్ట్రీషియన్‌తో వేయించండి. ఈ సన్న వైరు మీద 1 ఆంపియర్ ఫ్యూజ్ పెట్టండి. బ్రేక్ లైటు లైను మీద ఆధారపడుతున్నారు కాబట్టి మీ వైపు షార్ట్ అయినా బ్రేక్ లైటు పోకూడదు.

7. స్పీకర్లు కలపండి

బోర్డు మీద ఎడమకి రెండు, కుడికి రెండు పిన్నులు ఉంటాయి. నాలుగు వైర్లూ విడివిడిగా రావాలి. కొన్ని పాత ఆటోల్లో, ట్రాక్టర్లలో చేసినట్టు రెండు స్పీకర్ల మైనస్‌లు కలిపేసి బాడీకి ఎర్త్ చేయకండి. ఈ క్లాస్-డి బోర్డుల్లో స్పీకర్ మైనస్ కూడా కరెంటు ఉన్న పిన్నే. ఎర్త్ చేస్తే చిప్ కాలిపోతుంది. "కొత్త బోర్డు, ఒక్క నిమిషం పాడి ఆగిపోయింది" అన్నవాళ్ళలో సగం మంది చేసిన తప్పు ఇదే.

8. నీళ్ళు రాకుండా చూడండి

వైరు డబ్బాలోకి కింది వైపు నుంచి వెళ్ళాలి. లోపలికి వెళ్ళే ముందు కొంచెం కిందికి వేలాడి మళ్ళీ పైకి లేవాలి. వైరు వెంట జారే నీటి బొట్టు ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది.

సందులు మూయడానికి సిలికాన్ వాడేటప్పుడు వాసన చూడండి. వెనిగర్‌లా ఘాటుగా ఉంటే అది రాగిని తినేస్తుంది, నాలుగు నెలల్లో జాయింట్లు పచ్చబడతాయి. న్యూట్రల్ సిలికాన్ అని అడిగి తీసుకోండి. డబ్బా అడుగున ఒక సన్న రంధ్రం ఉంచండి, లోపల చెమ్మ చేరినా దిగిపోతుంది.

9. కరెంటు ఇవ్వండి

ఫ్యూజులు తీసేసి ఉంచి బ్యాటరీ బిగించండి. బోర్డు ప్లస్, మైనస్ సరిగ్గా ఉన్నాయో ఇంకోసారి చూసుకోండి. ఇప్పుడు 1 ఆంపియర్ ఫ్యూజ్ పెట్టి కీ తిప్పితే రిలే టిక్ మనాలి. అప్పుడు కీ తీసి 5 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టి, మళ్ళీ కీ తిప్పండి. ఫ్యూజ్ ఎగిరితే అంతకంటే పెద్దది పెట్టకండి. ఎక్కడో షార్ట్ ఉంది, వెతకండి. సిగరెట్ పెట్టెలోని రేకు చుట్టి నడిపించే వాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

ఫోన్ కలపడం మీకు తెలిసిందే. పాస్‌వర్డ్ అడిగితే 0000 లేదా 1234. బండి స్టార్ట్ చేసేటప్పుడు సెల్ఫ్ కరెంటంతా లాగుతుంది, బోర్డు ఒకసారి ఆగి మళ్ళీ వస్తుంది. అది మామూలే.

10. సరిగ్గా వచ్చిందో లేదో ఇలా చూడండి

మొదట, రాసుకున్న కాగితం తీయండి. కీ ఆఫ్‌లో మిల్లీ ఆంపియర్లు మళ్ళీ కొలవండి. ముందు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉండాలి. పెరిగితే మీ లైను కీ తీశాక కూడా తాగుతోంది. రిలే పిన్నులు చూడండి.

రెండోది, ఇంజన్ ఐడిల్‌లో, హెడ్‌లైట్ వెలుగుతూ, మీరు వినే సౌండ్‌లో పాట పెట్టి బ్యాటరీ వోల్టేజ్ చూడండి. 12.8 పైన నిలిస్తే ట్రాఫిక్‌లో కూడా టెన్షన్ లేదు. నిమిష నిమిషానికి దిగుతుంటే సిగ్నళ్ళ దగ్గర సౌండ్ తగ్గించుకోండి. ఇంజన్ ఆపి వినేటప్పుడు 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మీద గంట దాటనివ్వకండి.

మూడోది, 20 నిమిషాలు పాడాక ఫ్యూజ్ హోల్డర్‌ని, రిలే సాకెట్‌ని, జాయింట్లని చేత్తో ముట్టుకోండి. రిలే గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. ఏ జాయింట్ అయినా చురుక్కుమంటే అది లూజు.

నాలుగోది, హెల్మెట్ పెట్టుకుని బండి మీద కూర్చోండి. ఇంట్లోవాళ్ళెవరినైనా 15 అడుగుల వెనక నిలబడి మామూలు గొంతుతో పిలవమనండి. వినబడేంత వరకు సౌండ్ తగ్గించండి. అప్పుడు ఫోన్‌లో సౌండ్ ఏ గీత దగ్గర ఉందో గుర్తుపెట్టుకోండి. రోడ్డు మీద దాన్ని దాటకండి.

వస్తూ ఉండే ఇబ్బందులు

*రేజ్ చేస్తే కుయ్‌మని ఈల పెరుగుతుంది.* ఛార్జింగ్ మోత పాటలోకి వస్తోంది. ముందు బోర్డు మైనస్ నేరుగా బ్యాటరీకే వెళ్తోందా చూడండి. చాలావరకు అక్కడే పోతుంది. బ్లూటూత్ ముక్క వేరుగా, యాంప్ వేరుగా కొన్నవాళ్ళకి ఈ సమస్య ఎక్కువ. రెండూ ఒకే మైనస్ పంచుకోవడమే కారణం. మధ్యలో ఆడియో వైరు మీద గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ (పాటని వదిలి మోతని ఆపే చిన్న ముక్క) పెట్టండి, లేదా బ్లూటూత్ ముక్కకి వెళ్ళే 5 వోల్టుల లైను మధ్యలో బీ0505ఎస్ లాంటి ఐసోలేటెడ్ కన్వర్టర్ పెట్టండి.

*టక టక మని ఇంజన్‌తో పాటు చప్పుడు.* ఇది స్పార్క్ ప్లగ్ నుంచి. ప్లగ్ రెసిస్టర్ రకమా (ఈ చప్పుడు తగ్గించేది) చూడండి. ఎన్‌జీకే ప్లగ్గుల్లో నంబరు మధ్య ఆర్ అక్షరం ఉంటుంది, సీపీఆర్8ఈఏ-9లో లాగా. సౌండ్ వైర్లని ప్లగ్ వైరుకి దూరంగా జరపండి.

*డప్పు గట్టిగా కొట్టినప్పుడల్లా ఆగి మళ్ళీ మొదలవుతుంది.* బోర్డుకి చేరే వోల్టేజ్ పడిపోతోంది. వైరు సన్నదైనా అయ్యుండాలి, లగ్గు లూజైనా ఉండాలి.

*గుంటల్లో పడితే గరగర.* స్పీకర్ పిన్నుల దగ్గర జాయింట్ చూడండి. ఆ వైరుని పిన్నుకి రెండంగుళాల దూరంలో ఒక టైతో కట్టేస్తే అదురు జాయింట్ దాకా రాదు.

*ఫోన్ ప్యాంటు జేబులో ఉంటే తెగుతుంది, చొక్కా జేబులో ఉంటే బాగుంటుంది.* మధ్యలో ట్యాంకు అడ్డం వస్తోంది. డబ్బాని తిప్పి యాంటెన్నా అంచు బయటివైపు ఉండేలా పెట్టండి.

అంతా బాగానే ఉన్నా మొదటి పెద్ద వాన తడిశాక మర్నాడు సీటు తీసి డబ్బా ఒకసారి విప్పి చూడండి. లోపల మూత మీద చెమ్మ బొట్లు ఉంటే అడుగు రంధ్రం మూసుకుపోయి ఉంటుంది, పిన్నీసుతో పొడవండి. ఫ్యూజ్ హోల్డర్‌లో పచ్చటి పొడి కనబడితే దాన్ని గీకి వాడకండి, మార్చేయండి. ఆ తర్వాత ఇంజన్ ఆయిల్ మార్పించిన ప్రతిసారీ మెకానిక్ పని చేస్తుండగా లగ్గులు, టైలు ఒకసారి లాగి చూసుకుంటే చాలు.